పదొద్దుల్లో నేర్చిన తుపాకి ఆట

"తింటవా, తినవా?"

"పెట్టి పో. పెరుగు మీద మూత పెట్టు, పిల్లి తిరుగుతాంది."

"ఆ పిల్లికున్న బుద్ధి నీకు లేదయ్యా. యాళ్లకు తింటది."

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ముప్పై ఏళ్లకు పైన కలిసి ఉన్నాం, ఆఖరికి దక్కింది పెరుగు, మూత, పిల్లి. ఆయన ఫోను మీది నుంచి కళ్లు కూడా ఎత్తలేదు. నేను పళ్లెం స్టూలు మీద పెట్టి, మిద్దె మీద ఎండబోసిన మిరపకాయలు తిప్పడానికి వెళ్లాను. దిగివచ్చేసరికి ఆయన గోడకు ఒరిగి ఉన్నాడు. ఫోను ఒళ్లో ఉంది. అందులోంచి ఎవరో పిలుస్తున్నారు.

"తాతా, లేపినం గదా, కదులు. తాతా, ఇనవడ్తాందా?"

ఎవరు వాళ్లు, ఎక్కణ్ణుంచి పిలుస్తున్నారు, నాకు తెలియలేదు. వాళ్లతో పాటు నేనూ పిలిచాను. పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు. వాళ్లలో ఎవరో ఫోను ఆపేసి బోర్లించారు.

ఇదంతా నేను నోటితో చెప్తుంటే నా చెల్లెలి కూతురు రాస్తోంది. నాకు సంతకం వచ్చు. బస్సు బోర్డు మీద మా ఊరి పేరు గుర్తుపడతాను, అది కూడా అక్షరాలను చూసి కాదు, ఆ పేరు పొడుగును చూసి. ఈ పిల్ల ఇక్కడే ఒక బడిలో పంతులమ్మ. "నువ్వు నీ లెక్కనే మాట్లాడు పెద్దమ్మ, నేను పుస్తకంల రాసినట్టు రాస్త" అంది. అట్లాగే కానీ అన్నాను.

మాది కొత్తకోట. ఆయన బెంగళూరు రోడ్డు మీద లారీ తోలేవాడు. మోకాలు చితికిపోయి రెండేళ్లు ఇంటి పట్టున కూర్చున్నాడు. ఆ కూర్చోవడంలో దొరికింది ఈ ఆట. ఊరికే ఫోనులోకి వస్తుందట. నలుగురు తుపాకులు పట్టుకుని పాడుబడ్డ ఊళ్లలో కలిసి తిరుగుతారు. ఇనుప పురుగులు మీద పడతాయి, వీళ్లు కాలుస్తారు. నలుగురూ నాలుగు ఊళ్లలో కూర్చున్నా మాట్లాడుకుంటూనే ఆడతారు. రోజూ పొద్దున పదకొండుకు ఎక్కేవాడు. ఒంటికాయ శొంఠికొమ్ములా కూర్చుని, "ముంగటి బండిని దాటకు. ఎన్కోడు కనవడ్తాండా, సూస్కో" అంటుంటే, లారీ రోజులు మీదికొచ్చి కలవరిస్తున్నాడని మొదట్లో భయపడ్డాను. ఎవరితో అని అడిగితే, "మా వాళ్లు" అనేవాడు. ఎవరో నాకు తెలియని మా వాళ్లు.

ఆయన పోయిన మూడో రోజు, మూలన చాప మీద కూర్చుని ఉండగా నాకు ఒక సంగతి తట్టింది. నేను అరగంట పైనే మిద్దె మీద ఉన్నాను. ఆ అరగంటా ఆయన వాళ్లతో మాట్లాడుతూనే ఉన్నాడు. అంటే ఆయన ఆఖరి మాట నా దగ్గర లేదు. వాళ్ల దగ్గర ఉంది. నొప్పి అన్నాడా, నీళ్లు అడిగాడా, నన్ను పిలిచాడా? పిలిస్తే మిద్దె మీదికి వినపడలేదా? నాకు అదొక్కటే కావాలి.

"వాళ్లకు మెసేజ్ పెట్టాల్నా పెద్దమ్మ?" అని ఈ పిల్ల అడిగింది.

వద్దన్నాను. మా దిక్కు చావు కబురు కాగితం మీద వస్తే చదివి అక్కడే చింపేస్తారు, ఇంట్లో ఉంచుకోరు. ఫోనును ఎట్లా చింపుతారు? ఆయనతో రోజూ కూర్చున్నవాళ్లకు పదొద్దుల లోపల, అంటే పదో రోజు కర్మ లోపల, నోటితోనే చెప్పాలి. చెప్పి, అడగాలి. కానీ ఆటలో కలిసి దిగితే తప్ప వాళ్ల గొంతు వినపడదట. వాళ్లు వచ్చేది పదకొండుకు. అప్పుడు ఈ పిల్ల బడిలో ఉంటుంది. ఇక మిగిలింది నేను.

సాయంత్రం ఈ పిల్ల బడి నుంచి వచ్చి, కొత్తగా చేరేవాళ్ల కోసం ఆట లోపలే రాసిపెట్టిన జాగ్రత్తలు చదివి చెప్పేది. ఎడమ బొటనవేలితో నడవాలి. కుడి బొటనవేలితో చూడాలి. నడుస్తూ చూడాలంటే రెండూ కదలాలి. నాకు నడిస్తే చూపు పోయేది, చూస్తే కాళ్లు ఆగిపోయేవి.

"తూటాలు అయిపోయేదాకా ఆగొద్దు. గోడ సాటుకు పోయి ముందే నింపుకోవాలె."

"అయిపోకముందే ఎందుకు నింపాలె?"

"అయిపోయినంక నింపుతుంటె అవి తినేస్తయ్ పెద్దమ్మ."

అది అర్థమైంది. దారి మధ్యలో డీజిల్ అయిపోనిచ్చేవాడు కాదు ఆయన. అట్లా లారీలోకి మార్చుకుంటే కొన్ని నిలబడేవి. ఊరికే కాల్చొద్దు, చప్పుడుకు ఇంకా వస్తాయి అంటే, అడవి దారిలో హారన్ కొట్టొద్దనడం లాంటిది. ఒక్కడివే ముందుకు ఉరకొద్దు అంటే, కలిసి పోయే లారీల లెక్క. కొన్ని దేనిలోకీ మారేవి కాదు. మెరిసే పెట్టెలు వస్తుంటాయి, వాటిని ముట్టకు, పైసలు పోతాయి అంది. ఊరికే వచ్చిన ఆటలో ముట్టకూడని పెట్టెలు ఎందుకు పెట్టారో నాకు ఇప్పటికీ తెలియదు.

నాలుగో రోజు నేను ఒక గోడకు ముఖం పెట్టి నిలబడ్డాను. ఎంత నడిచినా గోడే. ఐదో రోజు ముక్కూ మొగం తెలియని ముగ్గురితో దిగాను. అందరికంటే ముందు ఉరికాను, అందరికంటే ముందు చచ్చాను. వాళ్లు హిందీలో తిట్టారు, ఒకటి రెండు మాటలు తెలిశాయి.

ఆయన అక్క, మా ఆడబిడ్డ, కర్మకని వచ్చి ఇంట్లోనే ఉంది. వాకిట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్లకు వినపడేటట్టే అంది: "మొగుడు పోయి ఐదొద్దులు కాలే. ఈమె తుపాకి పట్టింది."

"నీ తమ్ముని దోస్తులకు కబురు చెప్పొద్దా వదినే?" అన్నాను.

"కబురు చెప్పేటందుకు కాల్పులెందుకే?"

నేను ఫోను పట్టుకుని లోపలికి జరిగాను.

ఆరో రోజు పదకొండుకు ఈ పిల్ల చూపించిన, జట్టువాళ్లు పిలిస్తే వెలిగే ఎర్రగుర్తు నొక్కాను. వాళ్లే వచ్చారు. ఫోనులో ఆయన పేరే ఉంది కదా, నన్ను ఆయనే అనుకున్నారు.

"తాత వచ్చిండు. యాడికి పోయినవ్ తాతా ఇన్నొద్దులు?" అని ఒకడు. మాటను బట్టి మన దిక్కువాడే. తర్వాత తెలిసింది, ఆలంపూర్‌లో గుడి దగ్గర కొబ్బరికాయల దుకాణం అతనిది.

"తాతగారూ, అలిగారా?" అని ఒక ఆడపిల్ల. ఆమెది కోస్తా మాట.

మూడో మనిషికి గొంతే లేదు. అతని బొమ్మ నా ముందు కూర్చుంది, లేచింది, కూర్చుంది, లేచింది. అది దండం పెట్టడమట.

చెప్పబోయాను. చెప్పాను కూడా. వాళ్లకు వినపడలేదు. మైకు గుర్తు నొక్కాలని నాకు తెలియదు. నేను ఇక్కడ "ఆయన లేడు బిడ్డా" అంటుంటే, వాళ్లు అక్కడ తాత వచ్చాడని సంబరపడుతున్నారు. బతికున్నాడనుకునేవాళ్లు ముగ్గురున్నారు కదా అని ఒక క్షణం నాకూ ఆ సంబరాన్ని ఆపేయాలనిపించలేదు.

ఇంతలో ఆలంపూరాయన పడిపోయాడు. పడ్డవాడి పక్కకు పోయి, చెయ్యి గుర్తు మీద వేలు పెట్టి గుండ్రం గీత నిండేదాకా ఉంచాలి, అప్పుడు లేస్తాడు. కొత్తవాళ్లు మరవకూడని జాగ్రత్త అదేనని ఈ పిల్ల రెండుసార్లు చదివింది. నేను పోయాను. పోయి రెండడుగుల దూరంలో ఆగాను. నేను మైలలో ఉన్నాను. పదొద్దులు పూర్తయ్యేదాకా ఎవరినీ ముట్టకూడదు. నీళ్ల చెంబు కూడా నా చేతికి ఇవ్వరు, కింద పెడితే తీసుకుంటాను.

"తాతా, లేపు. పక్కనే నిలవడ్డవ్, లేపు. ఏం సూస్తున్నవ్?"

నిలబడి చూస్తూనే ఉన్నాను. అతను చచ్చిపోయాడు. కోస్తా పిల్ల పడింది, ఆమెనూ ముట్టలేదు.

సాయంత్రం చెప్తే నా చెల్లెలి కూతురు నెత్తి పట్టుకుంది. "పెద్దమ్మా, అది బొమ్మ."

"బొమ్మ ఎన్క మనిషి లేడా?"

"ఉన్నడు."

"మరి?"

ఆమె మైకు ఎక్కడుందో చూపిస్తానంది.

ఏడో రోజు కరెంటు లేదు, ఫోను చచ్చిపోయి ఉంది. ఎనిమిదో రోజు పదకొండుకు మైకు నొక్కే దిగాను. నోరు తెరిచేలోపే పురుగులు మీద పడ్డాయి. ఆలంపూరాయన మళ్లీ పడ్డాడు. మళ్లీ రెండడుగుల దూరంలో ఆగాను. వెనక మా ఆడబిడ్డ ఎప్పుడొచ్చి నిలబడిందో తెలియదు.

"వాడు పడ్డడు గదా, లేపవేందే?"

"మైల గదా వదినే."

ఆమె వంగి ఫోనులోకి చూసింది. "ముట్టు. ముట్టినంక తానం చేస్తవ్ గని. పాపం, కొట్టుకుంటున్నడు."

ముట్టాను. గుండ్రం గీత నిండింది. అతను లేచాడు.

"ఎవరండీ మాట్లాడేది?" అంది కోస్తా పిల్ల. "తాతగారు కాదా?"

చెప్పాను. మీ తాత పోయాడు, ఎనిమిదొద్దులైంది, ఆ రోజు మీతో ఆడుతుండగానే పోయాడు, నేను ఆయన పెండ్లాన్ని. కబురు విన్నారు కాబట్టి అందరూ తానం చేయండి అని కూడా చెప్పాను. నాలుగు బొమ్మలూ నిలబడిపోయాయి. పురుగులు వచ్చాయి. ఎవరూ కాల్చలేదు. అందరం చచ్చాం.

ఆలంపూరాయన మళ్లీ అందరినీ దించాడు, మాట్లాడటం కోసమే. ఒక పాడుబడ్డ బడి వెనక నలుగురం నిలబడ్డాం. నేను అడగాల్సింది అడిగాను. ఆఖరికి ఏమన్నాడు?

"పడ్డ, అన్నడవ్వా" అన్నాడు ఆలంపూరాయన. "ఆటల పడ్డడనుకున్నం. నిజంగనే ఆటల గూడ పడ్డడు. పోయి లేపినం. లేచి నిలవడ్డడు గని కదల్లే. నెట్ పోయిందనుకోని సుట్టూ కావలి కాసినం, అయిపోయేదాక."

"నొప్పి అన్నడా?"

"లేదవ్వా."

"అన్నారండి" అంది ఆ పిల్ల. "అబ్బ, అన్నారు. మోకాలేమో అనుకున్నాను. మోకాలికి ఎప్పుడూ అనేవారు కదా మామ్మగారూ. ఆ తర్వాత 'ఇటు రా' అన్నారు."

"ఎవరిని?"

"మమ్మల్నే అనుకుని వెళ్లామండి. పడినప్పుడల్లా అలాగే పిలిచేవారు."

"నేనైతె గా మాట ఇనలే" అన్నాడు అతను.

"అన్నారండీ. నేను విన్నాను."

"నువ్వు అప్పుడు దూరమున్నవ్ గదమ్మా."

"దూరమైతే వినపడదా, మైకులో?"

వాళ్లిద్దరూ వాదులాడుకుంటుండగా, గొంతులేని మూడో మనిషి నా ముందుకొచ్చి కూర్చున్నాడు. ఈసారి లేవలేదు. ఫోను అద్దం అడుగున తెల్లటి అక్షరాలు వచ్చాయి. రెండు వరుసలు. మొదటిది పొడుగు, రెండోది పొట్టి. అతను రాస్తున్నాడు. ఆ రోజు అతనూ ఉన్నాడు, అతని చెవులు బాగానే ఉన్నాయి.

"ఏం రాసిండు, జర సదువుండ్రి" అన్నాను. ఆ పిల్ల ఏడుస్తోంది, చూడలేదు. ఆలంపూరాయన "ఆగవ్వా" అన్నాడు. మా ఆడబిడ్డ నా భుజం మీదుగా వంగింది, ఆమెకు నా పాటి సంతకం కూడా రాదు. ఇద్దరం ఆ రెండు వరుసలనే చూస్తూ కూర్చున్నాం. మసకబారి పోయాయి. బడి వెనక నుంచి పురుగులు దిగాయి.

సాయంత్రం ఈ పిల్ల ఫోనంతా వెతికింది. ఆట ముగిస్తే ఆ రాతలు ఉండవట. ఏం రాశావో మళ్లీ రాయమని ఆ మనిషికి రాసింది. జవాబు లేదు. తొమ్మిదో రోజు మిగతా ఇద్దరూ వచ్చారు, ఆ రాత వాళ్లు చూడనే లేదట. అతను రాలేదు. అతనిది ఏ ఊరో, ఆడో మగో కూడా వాళ్లకు తెలియదట. పదో రోజు నా గాజులు తీశారు, కర్మ అయిపోయింది, మైల పోయింది.

ఇప్పటికీ పదకొండుకు దిగుతాను. వంట పెందలాడే చేసుకుంటాను. కొత్తవాళ్లు వస్తుంటారు, నాలాగే ముందుకు ఉరుకుతారు. ఉరకొద్దు, గోడ చాటున నింపుకో, పడ్డవాణ్ణి విడిచిపెట్టి పోకు అని చెప్తాను. వాళ్లు నవ్వుతారు, కొందరు వింటారు. నేను చూసేది మాత్రం కూర్చుని లేచే బొమ్మ కోసం. ఆ రెండు వరుసల్లో "అవ్వను పిలిచిండు" అని ఉండొచ్చు. "పిలవలేదు" అని ఉండొచ్చు. "తానం చేసొస్త" అని కూడా ఉండొచ్చు. పొడుగు వరుస ఏదై ఉంటుంది, పొట్టి వరుస ఏదై ఉంటుంది అని వంట చేస్తూ అమర్చుకుంటాను, ఒకరోజు ఒక తీరుగా కుదురుతుంది, ఇంకోరోజు ఇంకో తీరుగా.

నువ్వు ఇప్పుడు రాసిన ఈ వరుసలూ నాకు వాటి లెక్కనే కనిపిస్తున్నాయి, కొన్ని పొడుగు, కొన్ని పొట్టి. ఇందులో నేను చెప్పింది ఏముందో, చెప్పనిది ఏముందో నాకు తెలియాలి. మొదటికాణ్ణుంచి చదువు బిడ్డా, మెల్లగా. నేను వింటాను.