బావ కార్జం, కోడి కార్జం

మొన్న నోయిడాలో కోళ్ల కొట్టు దగ్గర నిలబడితే, కొట్టతను కత్తి ఆపి "కలేజీ డాల్ దూఁ, భయ్యా?" అని అడిగాడు. కార్జం వద్దే వద్దని చెయ్యి అడ్డం పెట్టాను. కోడి కార్జాన్ని, అదే లివర్‌ని, చూసి భయపడే మగాణ్ణి ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఈ ఘనత మా మేనత్త కొడుకు పుణ్యం.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఢిల్లీ బేర్ సరాయ్‌లో మా ఇద్దరిదీ ఒకే గది. ఒకరు ఒళ్లు విరుచుకోవాలంటే రెండోవారు బయటికెళ్లాలి. బావ వెటర్నరీ చదివి, సివిల్స్‌కీ అదే ఆప్షనల్‌గా తీసుకున్నాడు. చిన్నప్పటి నుంచీ షుగరు, పొద్దున్నే ఇన్సులిన్ సూది. పైకి చదివితేగాని అతనికి బుర్రకెక్కదు కాబట్టి కోడి కార్జం సంగతి నాకూ కంఠతా వచ్చేసింది. మేత లేకపోయినా కోడి రక్తంలో చక్కెర పెద్దగా తగ్గదు. కార్జంలో దాచుకున్న నిల్వ కాస్తా కరిగిపోయాక, ఒంట్లో తయారయ్యే లాక్టిక్ ఆమ్లాన్ని పట్టుకుని ఆ కార్జమే కొత్తగా గ్లూకోజు చేస్తుంది. ఇన్సులిన్ ఎక్కించినా కోడి మనిషంత తేలిగ్గా పడిపోదట. "అదృష్టవంతురాలు, మెస్సు పప్పుతో పనిలేదు," అన్నాను.

పరీక్ష దగ్గరపడేసరికి బావ శనివారాలు వెంకన్నకి ఉపవాసం మొదలెట్టాడు. సూది మాత్రం మానలేదు, క్రమశిక్షణ గలవాడు. ఇదేంటని అడిగితే, "కోడే తట్టుకుంటోంది. నాకు మాత్రం కార్జం లేదంట్రా?" అన్నాడు.

ఒక శనివారం మధ్యాహ్నం చదువుతున్న గొంతు ఆగిపోయింది. చూస్తే బావ చొక్కా చెమటకి ముద్దయింది, చేతులు వణుకుతున్నాయి.

"బావా, కోడి కార్జం ఏం చేస్తుంది?"

"గుడ్లు పెడుతుంది."

నవ్వబోయాను. బావ నవ్వలేదు. ఒంట్లో చక్కెర పడిపోయిందని అర్థమై డబ్బాలన్నీ వెతికాను. గదిలో చక్కెర పలుకు లేదు. షుగరు మనిషి గదని నిష్ఠగా తెచ్చుకునేవాళ్లం కాదు మరి. మెట్లు దూకి కింద టీకొట్టు మీద పడ్డాను.

"భయ్యా, చీనీ! జల్దీ!"

"చాయ్ కే సాథ్?" టీతో పాటా అని అతని సందేహం.

డబ్బా లాక్కుని పరిగెత్తాను. నీళ్లలో కలిపి పెదాలకి ఆనిస్తే బావ మొహం తిప్పేశాడు. "శనివారం రా... ముట్టకూడదు."

"నువ్వు కోడివి కాదు బావా, తాగు! నీ కాళ్లు పట్టుకుంటాను!" నా గొంతులో వెటకారం లేకపోవడం నేను మొదటిసారి విన్నాను. కళ్లు వాలిపోతున్నాయి అతనికి. అప్పుడు నోటికొచ్చింది అనేశాను: "పానకం బావా. స్వామి ప్రసాదం. కాదంటే తప్పు."

బావ నోరు తెరిచాడు. డబ్బా కోసం వెనకే వచ్చిన టీకొట్టతను గుమ్మంలో భక్తిగా దోసిలి పట్టాడు. "ప్రసాద్? థోడా ముఝే భీ."

కాసేపటికి బావ మొహంలోకి నెత్తురొచ్చింది. "పానకంలో యాలకులేవిరా?" అన్నాడు. నేను డబ్బాలో మిగిలిన చక్కెర కూడా గ్లాసులో ఒంపాను. సాయంత్రం డాక్టరు చెప్పింది ఒకటే: సూది పడ్డాక మనిషి కార్జం చక్కెర చేయడం తగ్గించేస్తుంది, పైన తిండీ లేకపోతే ఇక దిక్కెవరు?

ఇప్పటికీ శనివారం పొద్దున్నే ఫోన్ చేసి "తిన్నావా?" అంటాను. "తిన్నాన్రా, నేనేమైనా కోడినా?" అంటాడు. ఇన్నేళ్లలో ఆ జోకు బాగా పాతబడింది. భయం మాత్రం ఏ శనివారానికా శనివారం తాజాగానే ఉంటోంది.