తెగని కూత

సత్తియ్య పని పడవలు బాగుచెయ్యడం. ఆత్రేయపురానికి దిగువన, గోదావరి గట్టు మీదున్న, చేపలు పట్టే పల్లెకారుల పేట ఆయనది. పలకల సందుల్లో కొబ్బరి పీచు దూర్చి, గుగ్గిలం కరిగించి ఆయన పూస్తే, ఆ పడవలోకి మళ్ళీ వరదల దాకా చుక్క నీరు వచ్చేది కాదు. మాట తక్కువ మనిషి. ఆనకట్ట కట్టి ముప్ఫై ఏళ్ళు దాటిన ఆ కాలంలో ఆయన పేరు ఏటికి రెండు వైపులా తెలిసింది మాత్రం పడవల వల్ల కాదు. కుర్రాళ్ళ చెడుగుడుకి తగవరిగా నిలబడి గెలుపోటములు తేల్చడం వల్ల.

వేసవిలో ఏరు తగ్గి లంక ఇసుక బయటపడ్డాక పేట కుర్రాళ్ళకీ, గట్టు అవతలి రైతు కుర్రాళ్ళకీ ఆట జరిగేది. అది ప్రతి ఏడూ తన్నులాటతో ముగిసేది. సత్తియ్య వచ్చాక ఆ తన్నులాట ఆగింది. ఆయన గీతని కర్రతో గీసేవాడు కాదు. ఏటి ఒండ్రు కడవతో తెచ్చి తడిగా పరిచేవాడు. దాని మీద కాలు పడినా చెయ్యి పడినా అచ్చు నిలిచేది. ఎవడైనా తొక్కలేదని బుకాయిస్తే, "వచ్చి చూసుకో" అనేవాడు. తన మాట నమ్మమని ఎవర్నీ అడిగేవాడు కాదు. పని తెలిసినవాడి తీరు అది.

కూతకి మాత్రం అచ్చు పడదు. కూతకెళ్ళినవాడు "చెడుగుడు చెడుగుడు" అంటూ ఒక్క ఊపిరి మీద అవతలి బరిలోకి వెళ్ళి, ఆ ఊపిరి తెగకముందే వెనక్కొచ్చి గీత అందుకోవాలి. తెగిందో లేదో చెప్పాల్సింది తగవరి చెవి. అక్కడ సత్తియ్య మాటే మాట. ఏళ్ళ తరబడి ఎవరూ దాన్ని కాదనలేదు.

ఆ ఏడు పేట జట్టులో ఆయన చెల్లెలు మరిడమ్మ కొడుకు లోవరాజు మొదటిసారి దిగాడు. తండ్రి లేని పిల్లాడు. పెద్ద వల నడిపే పెదబాబు, వానలు మొదలవగానే వాణ్ణి తన పడవలో పెట్టుకుంటానని మాటిచ్చాడు. పడవలో చోటంటే పట్టిన చేపలో వాటా, ఆ ఇంటికి కూడు. నీళ్ళలో వల లాగేటప్పుడు ఎవడు ఎంత బలం పెట్టాడో కంటికి కనబడదు. అందుకని దొంగాట ఆడేవాణ్ణి పెదబాబు పడవెక్కనివ్వడని పేటంతా ఎరుగును.

ఆట మొదలవకముందే రైతుల వైపు నుంచి ఒకడు అన్నాడు: "మేనల్లుడు దిగాడ్రా. ఈ ఏడు మనం ఇంటికి పోయి పడుకోవచ్చు."

"మేనమామ సెవిలో కూడా ఒండ్రు పోసుకొచ్చుంటాడ్లే," అన్నాడు ఇంకొకడు.

అందరూ నవ్వారు. ఆ మాటలు సత్తియ్య చెవిన పడ్డాయి.

చివరికి చెరో వైపు ఒక్కొక్కరే మిగిలారు. లోవరాజు కూతకెళ్ళాడు. అవతల ఉన్నవాడు పెద్ద రైతు భీమరాజుగారి కొడుకు బుల్లబ్బాయి. వాడు లోవరాజు కాలు దొరకబుచ్చుకుని పడేసి, మీద పడ్డాడు. లోవరాజు ముఖం ఇసుకలో ఉంది. కూత సన్నబడింది గానీ ఆగలేదు. వీపు మీది బరువుతోనే పాకి, చెయ్యి చాచి ఒండ్రు మీద ఆనించాడు. అరచెయ్యి అచ్చు పడింది.

సత్తియ్య పక్కనే వంగి ఉన్నాడు. చివరిదాకా విన్నాడు. తలెత్తి చూస్తే రైతులంతా ఆయన ముఖంకేసే చూస్తున్నారు.

"కూత తెగింది," అన్నాడు.

బుల్లబ్బాయి ఇసుక దులుపుకుంటూ లేచాడు. "తెగలేదు నాన్నా. నా సెవి పక్కనే అన్నాడు, నేనిన్నాను."

"ఊరుకోరా. గెలిచినోడివి, నీకెందుకు తగువు?" అని భీమరాజుగారు తన కండువా తీసి సత్తియ్య భుజాన వేశారు. "మేనల్లుడని కూడా చూడలేదు. మనిషంటే నువ్వు."

సత్తియ్య ఆ కండువా కాదనలేదు.

ఆ సాయంత్రం మరిడమ్మ ఆయన గుమ్మంలో నిలబడింది. "గట్టు మీదున్నదాన్ని, నాకే ఇనపడింది అన్నియ్యా. పక్కనున్నోడివి, నీకినపడలేదా?"

"తగవరి సెప్పాక సెప్పిందేనమ్మా."

"నేను తగవరిని అడగలేదు," అని వెళ్ళిపోయింది.

కూత తెగాక కూడా గీత దాకా పాకినవాడు దొంగాట ఆడినట్టే లెక్క. పేట కుర్రాళ్ళు లోవరాజుని కూత దొంగ అన్నారు, ముందు నవ్వుతూ, తర్వాత నవ్వకుండా. వానలొచ్చాయి. పెదబాబు పడవలో ఆ చోటు వేరేవాడికి పోయింది.

అప్పుడు కదిలాడు సత్తియ్య. పెదబాబు వల బాగుచేసుకుంటుంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాడు. "ఆ రోజు కూత తెగలేదు పెదబాబూ. నేను అబద్ధమాడేను."

పెదబాబు ముడి వేస్తూనే నవ్వాడు. "నువ్వా? సెల్లెలు ఏడిసుంటాది."

"ఒట్టు."

"నీ మాట మీదే కదా ఆణ్ణి పక్కనెట్టేను. అప్పుడు నీకు నట్టమొచ్చే మాట సెప్పేవు. ఇప్పుడు నీకు కలిసొచ్చే మాట సెబుతున్నావు. నువ్వే తగవరివైతే ఏది నమ్ముతావు?"

"పోనీ, ఆ బుల్లబ్బాయిని అడుగు," అన్నాడు సత్తియ్య.

"మన పడవలో ఎవడెక్కాలో రైతు బిడ్డ సెప్పాలా? ఎల్లు సత్తియ్యా. నీకున్న పేరు సెడగొట్టుకోకు."

లోవరాజు కాలవ గట్లకి మట్టి పోసే కూలీల్లో చేరాడు. మేనమామ ఎదురైతే తలొంచుకుని తట్ట మోసుకుంటూ పక్కనుంచి పోయేవాడు.

మరుసటి వేసవి రెండు వైపుల పెద్దలూ కలిసొచ్చి సత్తియ్యని ఆటకి రమ్మన్నారు. రానన్నాడు. ఎందుకో చెప్పలేదు. చెప్పినా వినేవాళ్ళు లేరు.

"ఇంకేం మొకం పెట్టుకుని వత్తాడు పాపం, అంత నిక్కచ్చి మనిషి," అనుకున్నారు వాళ్ళు తిరిగి వెళ్తూ. "ఆ మేనల్లుడు సేసిన పనికి."