మబ్బు పట్టిన రోజుల పరుగు

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. బరంపురంలో పొద్దున్నే పరిగెత్తేవాళ్లంతా వానొస్తే ముసుగుతన్ని పడుకుంటారు. నేను మబ్బు పడితేనే బూట్లు తొడుక్కుంటాను. మాది అప్పడాల ఇల్లు. ఎండ కాసే రోజు తెల్లారకముందే నేనూ మా అత్తా ఒత్తడానికి కూర్చోవాలి, పొద్దు పొడిచేసరికి డాబా మీద పాత చీరలు పరిచి ఆరబెట్టాలి. మబ్బేస్తే అప్పడాలు ఆరవు, బూజు పడతాయి. కాబట్టి ఆ రోజు పని ఉండదు. ఆ రోజే నాకు పరుగు.

స్కూల్లో పరుగు పందెమంటే నేనే ముందుండేదాన్ని. పెళ్లయ్యాక పరిగెత్తిందల్లా డాబా మెట్ల మీదే, అదీ చినుకు పడినప్పుడు. నలభై దాటాక ఒకరోజు ఆ మెట్ల మధ్యలో ఊపిరందక కూలబడిపోయాను. భయమేసింది. ఆ భయంతోనే మళ్లీ మొదలుపెట్టి, గోపాల్‌పూర్ దారిలో జరిగే పది కిలోమీటర్ల పందేనికి పేరిచ్చాను. పోయినేడు సగం దారిలో కాళ్లు బిగుసుకుపోతే ఆటో ఎక్కి ఇంటికొచ్చేశాను. మా ఆయన దుకాణానికి వెళ్తూ "పోన్లే" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ "పోన్లే" నన్ను చాన్నాళ్లు తినేసింది. ఈసారి నడిచో పాకో చివరిదాకా వెళ్లాలి, అదొక్కటే నా పంతం.

పంతముంటే సరిపోతుందా? పందెం పెట్టేది చలికాలంలో. చలికాలమంటే మాకు రోజూ ఎండే, రోజూ పనే. పరుగు నేర్పుతానని ఫోనులోకి ఎక్కిన యాప్ ఒకటి ఆడపడుచుకన్నా ఎక్కువ సాధించేది, నిన్న రాలేదు, మొన్నా రాలేదు అని. ఎప్పుడో ఒక మబ్బు రోజు వెళ్తే, మళ్లీ మబ్బు వచ్చేలోపు కాళ్లు అన్నీ మర్చిపోయేవి. ప్రతిసారీ అ ఆల దగ్గర్నుంచే.

ఇలా కాదని, సాయంత్రం అప్పడాలన్నీ తీసి డబ్బాల్లో సర్దాక బయల్దేరడం మొదలుపెట్టాను. అప్పటికే పొద్దుట్నుంచీ ఒత్తి ఒత్తి భుజాలు పడిపోయి ఉండేవి. పరిగెత్తి వచ్చి వంట చేసి, మర్నాడు మళ్లీ బాసింపట్టు వేసుక్కూర్చుంటే తొడలు లాగేవి. చాలాసార్లు వీధి చివరిదాకా వెళ్లి, ఎవరింటి అరుగు మీదో కాసేపు కూర్చుని తిరిగొచ్చేశాను. "ఆరంభ శూరత్వం" అని మా ఆయన నవ్వేవాడు. మా అత్తకైతే ఇదంతా వింతే.

"కాలుగాలిన పిల్లినాగ ఏటే ఆ తిరుగుడు? ఇంట్లో సాకిరీ సాల్లేదేటి?" అనేది. నేను బూట్లు విప్పేసి వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని.

పందెం ముందు రోజు రాత్రి పిండి కలపడానికి లేస్తే, మా అత్త చేతిలోంచి పళ్లెం లాక్కుంది.

"నువ్వు తొంగో. పిండి నాను కలుపుతాను. పక్కింటామె ఒస్తానంది, పొద్దున్న ఇద్దరం కలిసి ఒత్తీసుకుంతాం."

వెళ్లి పడుకున్నాను. తెల్లారగట్ల మా ఆయన స్కూటర్ మీద తీసుకెళ్లి దింపాడు.

సగం దారి బాగానే సాగింది. ఆ తర్వాత పోయినేడు ఆగిన చోటే కాళ్లు మళ్లీ బిగుసుకున్నాయి. అప్పుడే సముద్రం వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. చల్లబడిందని అందరూ సంబరపడుతుంటే, నేను మాత్రం దారి మధ్యలో ఠక్కున ఆగిపోయాను. అయ్యో, డాబా మీద అప్పడాలు! నీళ్లిచ్చే అమ్మాయి పరిగెత్తుకొచ్చి "మావుసీ, గోడొ బథావుచ్చి కి?" అని ఒడియాలో అడిగింది, పిన్నీ, కాలు నొప్పెడుతోందా అని. తల అడ్డంగా ఊపి, ఇంటికి ఫోన్ చేశాను.

"అత్తా, మబ్బేసింది. అప్పడాలు తీసీండి. నాను ఆటో ఎక్కి ఒచ్చెత్తాను."

"ఏ అప్పడాలే?"

"అదే, రాత్రి కలిపిన పిండి..."

"కలిపితే కదా! ఒక కాలు అక్కడ, ఒక కాలు ఇక్కడ ఎట్టుకుని పరిగెడతావని నాకు తెల్దేటి? ఒక్కరోజు ఒత్తకపోతే కొంపలు ములిగిపోవు. ఎల్లు." ఫోన్ పెట్టేసింది.

రా అంటుందని నాలో ఒక మూల ఆశ ఉండేదని అప్పుడు తెలిసింది. పోయినేడు కాళ్లు సాకయ్యాయి, ఈసారి మబ్బు అయ్యేది. ఇప్పుడు ఏ సాకూ మిగల్లేదు. ఏడుపొచ్చింది. ఏడుస్తూ పరిగెత్తితే ఊపిరి అస్సలు నిలవదు, అందుకని ముందు ఏడవడం కానిచ్చి, తర్వాత కదిలాను. కాసేపు పరుగు, చాలాసేపు నడక. నేను చేరేసరికి బీచి దగ్గర షామియానా విప్పేస్తున్నారు. ఎవరో మెడలో పతకం వేశారు. సంతోషించే సత్తువ కూడా లేక ఇసుకలో చతికిలబడ్డాను.

ఇంటికొచ్చేసరికి మబ్బు విడిపోయింది. మా అత్త కింద నిద్రపోతోంది. బట్టలారేద్దామని కుంటుకుంటూ డాబా ఎక్కాను. ఒక్క చీరైనా పరిచి లేదు. అప్పడానికి ఎంత ఎండ కావాలో సరిగ్గా అంత ఎండ, ఖాళీ గచ్చు మీద కాస్తోంది. ఇన్నేళ్లలో మా అత్త అలాంటి ఎండను ఊరికే పోనివ్వడం నేనెప్పుడూ చూడలేదు.