మందు వేయని ప్లేటులో ఎముక

దయ్యాల కథలు వింటే నాకు నవ్వొచ్చేది. చీరాలలో మా ఇంటి వెనక మూతపడ్డ మగ్గాల షెడ్డులో ఎవరో తిరుగుతున్నారని వీధంతా చెప్పుకుంటుంటే, నేను అందులోనే కూర్చుని పదో తరగతి పరీక్షలకు చదువుకున్నాను. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. ఇది పట్టపగలు, మైక్రోస్కోపు కింద, నా కళ్లతో చూసిన సంగతి.

2008లో గుంటూరులోని ఒక ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఉమ్మనీటిలోని మూలకణాల మీద నా పని. కడుపులో బిడ్డ చుట్టూ ఉండే ఆ నీటిలో బిడ్డ ఒంటి నుంచి రాలిన కణాలుంటాయి. వాటిలో కొన్ని ఇంకా ఏమీ కాకుండా మిగిలినవి. తగిన మందులు వేసి పెంచితే ఎముకో, కొవ్వో, నరమో అవుతాయి.

ఒంట్లో ప్రతి కణంలోనూ జన్యువులు అవే. కాకపోతే కొన్నింటికి రసాయనాల తాళాలు పడి ఉంటాయి. ఎముక జన్యువులకున్న తాళాలు తీస్తే ఆ కణం ఎముక అవుతుంది. ఆ తాళాలు ఎలా తెరుచుకుంటాయన్నదే నా థీసిస్.

కోటేశ్వరిది అద్దంకి దగ్గర పల్లెటూరు. మిరప, పత్తి వేసే కుటుంబం. మొదటి బిడ్డ జన్యులోపంతో పుట్టి నెల తిరక్కుండానే పోయింది. అందుకని రెండోసారి ఐదో నెలలో ఉమ్మనీటి పరీక్ష చేశారు. రిపోర్టు బాగానే వచ్చింది. మిగిలిన నీరు పరిశోధనకు ఇస్తారా అని అడిగాను.

"పారబోసేదేగా, తీసుకోమ్మా. ఇంకొకళ్ల బిడ్డకన్నా పనికొస్తే అంతే చాలు," అని సంతకం పెట్టింది.

ఆ కణాలను పెంచి, గడ్డకట్టించి దాచాను. వేసవిలో ఆమెవీ, మరో ఇద్దరు తల్లులవీ బయటికి తీసి, ఒక్కొక్కరివి రెండేసి ప్లేట్లలో వేశాను. ఒకదానిలో ఎముకగా మార్చే మందులు. రెండోది పోల్చి చూడ్డానికి, ఉత్త పోషక ద్రవంతో. మూడు వారాల తర్వాత వాటికి ఒక రంగు వేస్తాం. ఎముక తయారై సున్నం పట్టిన చోటల్లా ఎర్రబడుతుంది.

పదో రోజున కోటేశ్వరి మామూలు ప్లేటులో సన్నటి రవ్వలు మెరుస్తూ కనిపించాయి. ఏదో నలక పడిందనుకున్నాను. ఇరవయ్యొకటో రోజున రంగు వేస్తే ఆమెవి రెండు ప్లేట్లూ ఎర్రబడ్డాయి. మందు వేయనిదే ఇంకా చిక్కగా, కల్లంలో ఆరబోసిన మిరపకాయల్లా ఉంది.

"ప్లేట్లు తారుమారు చేశావమ్మాయ్," అన్నారు మా గైడ్ మేడమ్.

"తారుమారైతే ఒకటన్నా తెల్లగా ఉండాలి కదా మేడమ్."

"అయితే రెండింట్లోనూ మందు పోసుంటావు. ఆ శాంపిల్ తీసేయ్."

నాకు రోషం వచ్చింది. నాలుగేళ్లలో ఒక్క లేబుల్ తప్పు రాయలేదు నేను. మిగిలిన ఇద్దరి మామూలు ప్లేట్లకూ అదే సీసాలోని ద్రవం పోశాను. అవి తెల్లగానే ఉన్నాయి. ముగ్గురిలో మగబిడ్డ కణాలు కోటేశ్వరివే. ఆ ప్లేటులోవీ మగబిడ్డ కణాలే, అంటే వేరేవాళ్లవి కలిసిపోలేదు. రంగు వేయకముందు కొన్ని కణాలు తీసి పక్కన పెట్టాను కాబట్టి, వాటిని హైదరాబాద్ పంపి పరీక్ష చేయించాను. ఎముక జన్యువుల తాళాలు తెరుచుకునే ఉన్నాయి. అదే సీసాతో, దాచిన అవే కణాలతో మళ్లీ మూడుసార్లు చేశాను. మూడుసార్లూ మందు వేయని ప్లేటు తెల్లగానే ఉండిపోయింది.

బిడ్డలు పుట్టాక ఇళ్లకు వెళ్లి ఆరోగ్య వివరాలు రాసుకోవడం మా పద్ధతి. ఒక మధ్యాహ్నం అద్దంకిలో బస్సు దిగి, ఆటోలో కోటేశ్వరి ఊరెళ్లాను. పిల్లాడు బొద్దుగా ఉన్నాడు. కాన్పు ఎలా జరిగిందని అడిగాను.

"నాలుగు కిలోలున్నాడమ్మా. భుజం ఇరుక్కుపోయింది. బయటికి లాగేటప్పుడు మెడ కింద ఎముక ఇరిగింది. మూడు వారాలు చెయ్యి కదలకుండా చొక్కాకి పిన్నుతో పెట్టి ఉంచమన్నారు. దానంతటదే అతుక్కుందిలే," అంది.

ఆస్పత్రి కాగితాలు తెచ్చి చూపించింది. వాడు పుట్టిన తేదీ చూశాను. నేను ఆ కణాలను ప్లేట్లలో వేసింది ఆ రోజే. పదో రోజు ఎక్స్‌రే కింద, విరిగిన చోట కొత్త ఎముక కనిపిస్తోందని రాసి ఉంది.

ఆ తేదీలు నా పుస్తకంలో రాసుకున్నాను. ఒంట్లో అయితే విరిగిన ఎముక కబురు రక్తం మోసుకెళ్తుంది. ఈ పల్లె నుంచి గుంటూరులో ఆ ప్లేట్లు పెట్టిన ఇన్‌క్యుబేటర్‌కు ఏది మోసుకెళ్లింది?

చెప్పకూడదనుకుంటూనే ఆమెకు ప్లేటు సంగతంతా చెప్పేశాను. కోటేశ్వరి భయపడలేదు. పిల్లాడి భుజం తడిమింది.

"మరి మీ కాడున్న దానికి నొప్పి తెలిసుంటుందా అమ్మా?" అంది.

నొప్పి తెలియాలంటే నరాలుండాలి, అందులో లేవు అని ధైర్యంగానే చెప్పాను. బస్సెక్కాక అనిపించింది, ఎముకగా మార్చే మందు కూడా అందులో లేదు.

ఆ శాంపిల్‌ను థీసిస్‌లోంచి తీసేయలేదు. నా పని మీద నాకు అప్పుడూ అనుమానం లేదు, ఇప్పుడూ లేదు. కారణం దగ్గర మాత్రం "తెలియలేదు" అని రాశాను. వైవాలో అడిగితే అదే చెప్పాను. ఇన్నేళ్ల తర్వాత అడిగినా అదే చెప్తాను.