వంటింటి గోడ మీద పెన్సిల్ గీతలు

మొన్న ఇంటికి రంగులు వేయడానికి వచ్చిన పెయింటరు వంటింట్లోకి తొంగిచూసి, "సార్, ఈ పలకలు ఊడదీయల్నా, ఇట్లే పెట్టి పూయల్నా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే పెరట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "వాటి మీద చెయ్యేసినావంటే చూడు!" అతను బిత్తరపోయి నా వైపు అనుమానంగా చూశాడు. ఆ చూపు నాకు కొత్త కాదు. ఏడేళ్ల కిందట, ఆ పలకలు గోడకెక్కే రోజుల్లో, నేను మా ఆవిడను అచ్చం అలాగే చూస్తూ ఉండేవాణ్ని.

నా ఉద్యోగం అలాంటిది. ముప్పైయేళ్లు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేశాను. నిద్ర నటించేవాడి కనురెప్ప ఎలా అదురుతుందో, టికెట్ లేని మనిషి కిటికీలోంచి పొలాలను ఎంత శ్రద్ధగా చూస్తాడో నాకు కంఠతా వచ్చు. రిటైరయ్యాక ఆ విద్య చూపించడానికి బస్సు లేదు, నంద్యాలలో ఇల్లొకటే మిగిలింది. పాలు పలచగా ఉంటే పాలవాణ్ని, పేపరు మడత మారితే పక్కింటాయన్ని అనుమానించేవాణ్ని. అటువంటి కాలంలో ఒక ఉదయం వంటింటి గోడ మీద పెన్సిల్ గీతలు కనబడ్డాయి. అడ్డంగా మూడు, నిలువుగా కొన్ని, పక్కన అంకెలు. కొలిచే టేపు కోసం నా సామాన్ల డబ్బా తెరిస్తే అది లేదు. "ఏందివి?" అని అడిగితే మా ఆవిడ పోపు మీంచి తల తిప్పకుండా, "ఏముండాయి? గీతలు" అంది.

ఆ నెలలోనే ఆమె గురువారం గురువారం ఆళ్లగడ్డకు పోవడం మొదలుపెట్టింది. అక్కడ ఆమె తమ్ముడు రాతివిగ్రహాలు చెక్కుతాడు. తమ్ముడి భార్యకు ఒంట్లో బాగలేదని చెప్పేది. సాయంత్రం తిరిగొస్తే చీర అంచుకు, తల వెంట్రుకలకు తెల్లటి దుమ్ము. రోగిని చూసి వచ్చిన మనిషికి అంత దుమ్మెందుకు? అది చాలదన్నట్టు తెలిసిన కండక్టరు ఒకడు బజార్లో ఎదురుపడి, "వదిన గోనెపట్టాలో ఏందో పొడుగ్గా చుట్టుకోని తెచ్చినాదన్నా, బస్సెక్కియ్యను ఇద్దరం పట్టాల్సొచ్చె" అన్నాడు. ఆ మూట ఇంటికి రాలేదు. మంచాల కింద, బియ్యం బస్తాల వెనక, మిద్దె మీద కూడా వెతికాను. గీతలు, టేపు, తమ్ముడు, మాయమైన మూట అన్నీ కలిపి ఒక నిర్ణయానికి వచ్చేశాను. వంటింటికి అడ్డగోడ కట్టించి, సగమిల్లు తమ్ముడి సంసారానికి ఇవ్వబోతోంది. తమ్ముడి భార్య జబ్బు కూడా అందుకే, నంద్యాలలో ఆసుపత్రులు దగ్గరని చెప్పడానికి.

తర్వాతి గురువారం ఆమె బయలుదేరిన గంటకు ఆళ్లగడ్డకు ఫోన్ చేశాను. ఎత్తింది ఆ రోగిష్టి మనిషే. "నాకేమైందన్నా? గుండ్రాయి మాదిరి ఉండాను" అంది. ఇక కూర్చోలేకపోయాను. తర్వాతి బస్సెక్కాను. శిరివెళ్ల దాటేదాకా కిటికీకి ముఖం ఆనించుకుని కూర్చున్న నన్ను నేనే చూసివుంటే, ముందు నా టికెట్టే అడిగేవాణ్ని.

బామ్మర్ది షెడ్డులో సగం చెక్కిన విగ్రహాల మధ్య, తలకు తువ్వాలు చుట్టుకుని, డ్రిల్లింగ్ మిషను రెండు చేతులా పట్టుకుని పాత గోడకు రంధ్రం వేస్తోంది మా ఆవిడ. గోడ అప్పటికే జల్లెడలా ఉంది. నన్ను చూసి మిషను ఆపింది.

"ఏంది, చెకింగుకొచ్చినారా?"

"ఏం జరుగుతాంది ఈడ?" అని నేను బామ్మర్దిని అడిగాను.

"కూచో బావా," అన్నాడతను ఉలి పక్కన పెట్టి. "అక్క మీ వంటింట్లో డబ్బాలు పెట్టుకోను పలకలు కొట్టుకుంటాదంట, తలుపుల్లేకుండా. గోడకు బొక్క ఎట్లెయ్యల్లో నేర్పమనె. నీకు చెప్పలేదా?"

"రెండేండ్లు చెప్పినా," అంది ఆమె. "వడ్రంగిని పిలుస్తాంలే అంటాండ్రి."

నిజమే. ఇద్దరు వడ్రంగులు వచ్చారు కూడా. ఒకడు కొలవకుండానే లెక్క చెప్పాడని, ఇంకొకడు మరీ ఎక్కువసేపు కొలిచాడని నేనే పంపేశాను. "ఉన్న అల్మరాలు చాలవా?" అన్నాను గట్టిగా. తమ్ముడే చెప్పాడు. ఉగాదికి ముందు, పై అల్మరాలోంచి కందిబ్యాళ్ల డబ్బా తీస్తూ స్టూలు మీంచి పడిందట. కుడిచెయ్యి భుజం దాటి లేవదట. కింది అల్మరా కోసం కూర్చుంటే మోకాళ్లు లేవనివ్వవట. గోడ మీది గీతలన్నీ ఆమె ఛాతీ ఎత్తులోనే ఉన్నాయని నాకప్పుడు తట్టింది.

"నాకు చెప్పలేదే?" అన్నాను.

"చెప్తే యాడ పడినావ్, ఎట్ల పడినావ్, స్టూలు ఎందుకెక్కినావ్ అని అడుగుతారు. ఆ పొద్దు నాకు జవాబులు చెప్పే ఓపిక లేదు."

కనురెప్ప అదిరితే మనిషిని పట్టేసే నేను, మూడు నెలలుగా ఎడమచేత్తో నాకు అన్నం వడ్డిస్తున్న మనిషిని పట్టుకోలేకపోయాను. తిరుగు బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఊరొచ్చేదాకా నేనొక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఆ ఆదివారం పక్కింట్లో దాచిన మూట బయటికొచ్చింది. వేపపలకలు మూడు, ఇనుప బ్రాకెట్లు ఆరు. ఆమె రంధ్రాలు వేసింది, నేను దుమ్ము పడకుండా కింద చాట పట్టాను. మొదటి పలక మీద రసమట్టం పెడితే బుడగ కుడికి జరిగింది. కుడివైపు ఎత్తుందన్నాను నేను, ఆ రసమట్టమే తప్పంది ఆమె. ఒకరి మాట ఒకరు నమ్మక మూడుసార్లు విప్పి బిగించాం. మూడూ ఎక్కాక కూడా నాకు నమ్మకం కుదరలేదు. రెండు రోజులు ఖాళీ డబ్బాలే పెట్టనిచ్చాను. మూడోరోజు నేను స్నానానికి పోయి వచ్చేసరికి పప్పులు, పిండ్లు, చింతపండు జాడీ వరసగా కొలువుదీరి ఉన్నాయి. ఆమె కుడిచెయ్యి చాపి కందిబ్యాళ్ల డబ్బా అందుకుంది, మూత తీసింది, మళ్లీ అదే చేత్తో పెట్టింది. నేను గుమ్మంలో నిలబడి, పలకను కాక ఆ భుజాన్నే చూశాను.

భుజం ఆ తర్వాత కొంత కుదుటపడింది గానీ నా బుద్ధి మారలేదు. ఇప్పటికీ ఆమె గొంతు కాస్త తగ్గితే ఏమైందని అడుగుతాను, ఏం కాలేదంటే నమ్మను. ముప్పైయేళ్లకు పైగా ఒకే ఇంట్లో తిని, తిరిగాక, ఆ మనిషిని చూడటం అప్పుడు మొదలుపెట్టాను. మిగిలిన కాలం అందుకు చాలుతుందా అన్న అనుమానం ఒక్కటే ఇంకా తీరలేదు.