ముప్పై ఒకటో గొట్టం

ఆవిడ అసలు పేరు గుర్తింపు కార్డు మీద తప్ప ఇంకెక్కడా వినిపించదు. ఆ పరిశోధనాలయంలో అందరికీ ఆవిడ టైమక్కయ్య. గొట్టంలో రక్తం పడిన నిమిషం, అది ఫ్రీజర్‌లోకి చేరిన నిమిషం నోటుపుస్తకంలో ఎక్కించడం ఆవిడ పని. ఇరవై ఆరేళ్లుగా అదే పని. టైమక్కయ్య రాసిందంటే ఇక తిరుగులేదు అనేది అక్కడి మాట. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా మోకాళ్ల నొప్పి కాస్త సర్దుకున్నట్టుండేది. రిటైర్మెంటుకి ఇంకా రెండు నెలలుంది. ఆ రెండు నెలలూ ఎలాగో గట్టెక్కితే చాలనుకుంటోంది.

తమ పని ఏమిటో భర్తకి ఒకసారి చెప్పింది. "మనం తిన్నది ఒంట్లో ముక్కలుముక్కలై, చక్కెరలనీ ఆమ్లాలనీ కొవ్వులనీ వందల రకాలుగా రక్తంలో తిరుగుతుందండీ. మా యంత్రం చుక్క రక్తంలోంచి వాటన్నిటినీ విడదీసి తూచి చెబుతుంది. జబ్బు మనిషిలో ఏవి పెరిగాయో ఏవి తగ్గాయో తెలిస్తే, జబ్బు బయటపడకముందే పట్టుకోవచ్చు."

ఆయన బస్సు నడిపి రిటైరైన మనిషి. "అంటే తోమని గిన్నెలు చూసి ఆ ఇంట్లో ఏం వండారో చెప్పడమన్నమాట," అన్నాడు. ఆ మాట ఆవిడకి నచ్చి మర్నాడు మేడమ్‌కి కూడా చెప్పింది. మేడమ్ అంటే ఆ పరిశోధన నడిపే శాస్త్రవేత్త. రెండేళ్లుగా ఆ మేడమ్ కిడ్నీ జబ్బు మీద పనిచేస్తోంది. యాభై రెండు మంది రోగుల రక్తం, యాభై రెండు మంది ఆరోగ్యవంతుల రక్తం పక్కపక్కన పెట్టి పోలుస్తోంది.

ఒకరోజు మధ్యాహ్నం అందరినీ హాల్లో కూర్చోబెట్టి ఫలితం తెర మీద చూపించింది. ఎర్రచుక్కలు రోగులవి, పచ్చచుక్కలు ఆరోగ్యవంతులవి. రెండు గుంపులూ ఎడమొహం పెడమొహంగా విడిపోయి ఉన్నాయి. ఒక్క పచ్చచుక్క మాత్రం దారితప్పి ఎర్రగుంపు మధ్యలో పడింది.

"ఇది ముప్పై ఒకటో గొట్టం," అంది మేడమ్. "ఈ మనిషిని పిలిచి కిడ్నీలు చూపించాలి. ఏ లక్షణమూ లేకుండానే మన పరీక్ష పట్టేసిందేమో."

అందరూ చప్పట్లు కొట్టారు. టైమక్కయ్య చేతులు ఒళ్లోంచి లేవలేదు. గొట్టాలకి నంబర్లు అంటించింది తనే. ఆరోగ్యవంతులు తక్కువపడ్డారని ఇంట్లో మనిషిని తీసుకొచ్చి ఆ ముప్పై ఒకటో నంబరు అంటించింది కూడా తనే.

ఇంట్లో ఏమీ చెప్పలేదు. కూరలో ఉప్పు మానేసింది. మూడు రోజులు నోరెత్తకుండా తిని, నాలుగో రోజు ఆయన కంచం పక్కకి జరిపాడు. "ఏమిటే ఈ చప్పిడి కూడు? నేనేం పాపం చేశాను?" అప్పుడు చెప్పక తప్పింది కాదు. ఆయన కాసేపు తన పాదాల వంకే చూసుకున్నాడు, వాచాయేమోనని.

వీధి చివరి క్లినిక్కులో మామూలు కిడ్నీ పరీక్ష చేయిస్తే బాగానే ఉందన్నారు. ఆవిడకి ధైర్యం రాలేదు. మామూలు పరీక్షకి దొరకనిదాన్నే కదా మేడమ్ పరీక్ష పట్టుకునేది.

ఆ సాయంత్రం బట్టలు మడతపెడుతూ ఆయనే అన్నాడు. "ఆ రోజు నా రక్తం ఎంత పరుగున పైకెక్కిందే. గిర్రున తిప్పే మిషను చూస్తానని గొట్టం నేనే పట్టుకుని మెట్లెక్కేశాను. నువ్వు వెనకాల ఆయాసపడుతూ వచ్చావు. అందరివీ అలాగే తీసుకెళతావా?"

ఆవిడ చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది.

రక్తం తీసే గది కింద, తిప్పే మిషనూ ఫ్రీజరూ నాలుగో అంతస్తులో. లిఫ్టు చెడి ఏడాదిన్నర అయింది. పెట్టిన అర్జీలకి అతీగతీ లేదు. రోగుల గొట్టాలకి ఆ బెడద లేదు. అవి పక్క భవనంలోని వార్డు నుంచి పై వంతెన మీదుగా నేరుగా నాలుగో అంతస్తుకే వచ్చేవి. ఆరోగ్యవంతులు మాత్రం ఒక్కొక్కరే కిందికి వచ్చేవారు. ఒక్క గొట్టం కోసం నాలుగంతస్తులు ఎక్కి దిగడం ఆ మోకాళ్ల వల్ల కాలేదు. ఐదారు పోగయ్యాక ఒకే విడత మోసేది. మొదట తీసిన గొట్టం ఒక్కోసారి గంటన్నర బల్ల మీదే ఉండేది, చివరిది ఫ్రీజరుకి చేరేసరికీ అరగంట దాటేది. రక్తం తీసిన అరగంటలో ఫ్రీజరులో పడాలన్నది నియమం. పుస్తకంలో అన్నిటికీ ఇరవై ఐదు నిమిషాలని రాసేసింది.

గొట్టంలో పడ్డ రక్తకణాలకి ప్రాణం పోదు, ఆకలీ పోదు. మిషనులో తిప్పి వాటిని వేరుచేసేదాకా చక్కెర తింటూ ఆమ్లం వదులుతూనే ఉంటాయి. అది ఆవిడకి తెలియనిదేం కాదు. మేడమ్ తెరమీద చూపించిన తేడా జబ్బుది కాదు, తన మెట్లది. వేళకి పైకి చేరిన ఒకే ఒక్క ఆరోగ్యవంతుడి గొట్టం రోగుల పక్కకెళ్లి కూర్చుంది.

తప్పు తన రాతదైతే ఈయన కిడ్నీలు బాగున్నట్టే. తప్పు తన రాతది కాకపోతే ఈయన కిడ్నీలు చెడ్డట్టే. తప్పు తన రాతదే కావాలని కోరుకుంది, కోరుకుంటూ సిగ్గుతో చచ్చిపోయింది. రెండు నెలలు నోరు మూసుకుంటే నాలుగు మంచి మాటలు చెప్పి సాగనంపుతారు. ఆ తర్వాత ఆ పరీక్షని నమ్మి ఎవరెవరు చప్పిడి కూడు తింటారో, జబ్బున్నవాళ్లు ఎవరెవరు నిశ్చింతగా ఇంటికెళ్లిపోతారో.

పొద్దున్నే మేడమ్ గదిలో నిలబడి అంతా చెప్పేసింది.

"ఎన్ని గొట్టాలు?" అంది మేడమ్.

"ముప్పై ఒకటి తప్ప ఆరోగ్యవంతులవి అన్నీనండి."

"రెండేళ్లు, అక్కయ్యా." గొంతు పెంచలేదు. "నీ పుస్తకం ఉంది కదా అని నేను ఇంకెవరినీ అడగలేదు."

తిట్టినా బాగుండుననిపించింది ఆవిడకి. అక్కడ రాతలు చెరపడానికి వీల్లేదు. తప్పు రాస్తే అడ్డంగా ఒక గీత గీసి, పక్కన నిజం రాసి, సంతకం పెట్టాలి. నిజం టైము ఆవిడకి గుర్తులేదు. "రాసిన టైము నిజం కాదు" అని యాభై ఒక్కసార్లు రాసి, యాభై ఒక్క సంతకాలు పెట్టింది. మధ్యాహ్నానికి వేళ్లు కూడా మోకాళ్లలాగే లాగాయి.

అందరి రక్తమూ మళ్లీ తీయాలన్నారు. మోత ఇంకెవరికైనా అప్పజెబుతానంది మేడమ్. "నేనే మోస్తానండి, ఒక్కొక్కటీ," అంది టైమక్కయ్య. మేడమ్ పుస్తకాన్ని ఆవిడ వైపు జరిపింది.

మొదట వచ్చింది ఆవిడ భర్తే. రక్తం తీసిన నిమిషం రాసుకుని గొట్టం పట్టుకుని బయల్దేరింది. రెండో అంతస్తు దాకా బాగానే సాగింది. మూడో అంతస్తు మలుపులో మోకాలు పట్టేసి మెట్టు మీద కూలబడింది. మళ్లీ లేచి, ఎక్కి, మిషనులో తిప్పి, పైకి తేలిన పసుపు నీరు తీసి ఫ్రీజరు తలుపు తెరిచేసరికి ముప్పై నాలుగు నిమిషాలు. గదిలో ఎవరూ లేరు. ఆవిడ కలం తీసి ముప్పై నాలుగు అని రాసింది, పక్కన పనికిరాదని రాసింది. గొట్టాన్ని చెత్తడబ్బాలో పడేసి, కమ్మీ పట్టుకుని మళ్లీ నాలుగంతస్తులూ దిగింది.

కింద ఆయన చొక్కా చెయ్యి దించుకుని గుండీ పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"నాలుగు నిమిషాలు ఆలస్యమైందండీ," అంది.

ఆయన ఆవిడ మొహంలోకి చూసి, రెండో వైపు చొక్కా చెయ్యి పైకి మడుచుకోవడం మొదలుపెట్టాడు.