మా నాయన గొర్రెపిల్ల

ఒకప్పుడు మార్కాపురంలో సంజీవరావు అక్షరాలు లేని వీధి ఉండేది కాదు. బట్టల దుకాణానికైనా పలకల ఫ్యాక్టరీకైనా బోర్డు రాయాలంటే ఆయనే. ఫ్లెక్సీలొచ్చి ఆయన నోట మట్టి కొట్టాయి. పని పోయినా పరువు మిగిలింది. అర్ధవీడు దగ్గరి సొంతూరి చర్చిలో వాళ్ల నాయన జకరయ్య చెక్క మీద రంగులతో వేసిన బొమ్మ ఉంది మరి. పశువుల తొట్టిలో బాలయేసు, పక్కన మరియ, కాళ్ల దగ్గర గొర్రెపిల్ల. బొమ్మ మీద సంతకం లేదుగానీ, గోడలోని రాయి మీద బొమ్మ వేసినవాడిగా జకరయ్య పేరు చెక్కి ఉంది. కొత్తవాళ్లెవరు దొరికినా సంజీవరావు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి మరీ చూపించేవాడు.

మొన్న వేసవిలో హైదరాబాదు నుంచి కేథరిన్ వచ్చింది. పాత చర్చి బొమ్మల మీద పరిశోధన ఆమెది. బెల్జియంలో చెక్క మీద వేసిన అయిదొందల ఏళ్లనాటి బొమ్మల దగ్గర పని నేర్చుకుంది. అక్కడి చిత్రకారులూ చాలామంది పేర్లు రాసుకోలేదట. వేళ్లు ఎలా వంచారు, గుడ్డ మడతలు ఎలా దించారు అని చూసి, ఏ బొమ్మలు ఒకే చేతివో తేలుస్తారట. పేరు దొరక్కపోతే బొమ్మలోని గుర్తునే పేరుగా పెట్టి ఫలానా మాస్టర్ అంటారట. సంఘపెద్ద ఆనంద్ అంతా విని, ఆ మాస్టరు ఏ బడిలో చెప్పేవాడని అడిగాడు.

కేథరిన్ దూదితో కొవ్వొత్తుల మసి తుడుస్తుంటే గొర్రెపిల్ల ఎడమ చెవి బయటపడింది. చెవి కొసన రెండు కోతలు. ఆమె ఫోన్ తీసి దొనకొండ వైపు చర్చిలోని ఇంకో బొమ్మ చూపించింది. అదే గొర్రెపిల్ల, అవే కోతలు, అవే వేళ్లు. అదీ మా నాయనదే అని సంజీవరావు మీసం దువ్వుకున్నాడు. కేథరిన్ ఫోన్లో బొమ్మను పెద్దది చేసి చూపించింది. ఆ బొమ్మలో వెనకాల కనిపించే గంటగోపురం జకరయ్య పోయిన తర్వాత కట్టినది.

"లేని గోపురాన్ని ఎలా వేస్తారు అంకుల్?" అంది.

సంజీవరావు చూపు చెవి మీదే ఉండిపోయింది. వాళ్లమ్మ గురమ్మ గొర్రెలు కాసే ఇంటి పిల్ల. జకరయ్యను చేసుకుందని పుట్టింటివాళ్లు మళ్లీ ఆమె మొహం చూడలేదు. కాపరులు ఒక్కో మందకు ఒక్కో రకంగా చెవి కోస్తారు. కంభం రోడ్డు మీద మంద ఎదురైతే ఆమె చెవులు చూసేది. ఎడమ చెవికి రెండు కోతలుంటే, అది పుట్టింటి మందని, కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

జకరయ్య పోయాక కూడా ఆదివారం ఆరాధన అయ్యాక ఈ బొమ్మ ముందు నిలబడి, "అది మా నాయన గొర్రెపిల్లరా" అనేది. నాయనంటే పరలోకపు తండ్రి అనుకున్నాడు కొడుకు. అమ్మది ఎంత భక్తి అని మురిసిపోయాడు కూడా. ఒకసారి ఆమె బోర్డు మీద ఒక్క అక్షరం రాస్తానంటే, రంగు కలిపితే చాల్లే అని నవ్వినవాడూ ఆయనే. రాయి మీద తన పేరు చెక్కుతుంటే నాయన ఎట్లా ఊరుకున్నాడు? అడుగుదామంటే ఇద్దరూ మట్టిలో ఉన్నారు.

ఎవరు వేశారో రుజువు లేదు కాబట్టి ప్రస్తుతానికి 'చెవికోత చిత్రకారుడు' అని పెడదామంది కేథరిన్. బొమ్మ కింద చిన్న పలక మీద సంజీవరావునే రాయమంది. నోరు మూసుకుంటే సరిపోయేది. చెవి సంగతి తెలిసినవాళ్లు ఊళ్లో ఎవరూ మిగల్లేదు. నోరు విప్పితే నాయన పేరు బజారున పడుతుంది, ఇన్నాళ్లూ ఆ పేరు చెప్పుకుని తిరిగిన తన మొహం కూడా.

'చెవికోత చిత్రకారు' దాకా రాశాడు. 'డు' దగ్గర బ్రష్షు ఆగిపోయింది. కిరోసిన్ గుడ్డతో మొత్తం తుడిచేసి మళ్లీ మొదలుపెట్టాడు. మొదటి అక్షరమే వంకరపోయింది. ఊరందరి పేర్లూ, ఓట్లకు నిలబడ్డ ప్రతివాడి పేరూ రాసిన చెయ్యి అది. అమ్మ సమాధి శిలువ మీద మాత్రం 'జకరయ్య గారి భార్య' అని రాసి ఊరుకుంది.

"ఎవరి పేరు అది?" అని ఆనంద్ వంగి చూశాడు.

"మా అమ్మదన్నా. ఎప్పుడూ రాయలేదు, చెయ్యి తిరగడం లేదు."